పాత ఇసుక

తొట్టిలో నీళ్లు సగానికి దిగేసరికి రాళ్లు బయటపడ్డాయి. ఆరేళ్లుగా ఉప్పునీళ్లలోనే ఉన్న రాళ్లవి. ఊదా, ఆకుపచ్చ మరకలు పట్టి, ఎక్కడికక్కడ పగడాలు అతుక్కుని ఉన్నాయి. గాలి తగలగానే ఆ పగడాలు ముడుచుకుపోయి జిగురు కార్చడం మొదలుపెట్టాయి. ఆవద్ ఒక్కొక్క రాయినీ రెండు చేతులతో ఎత్తి, పసిపిల్లకు స్నానం చేయించేవాడిలా మెల్లగా ప్లాస్టిక్ టబ్బులోకి దించుతున్నాడు. బిందుమాధవి పైపు పట్టుకుని నీళ్లు డబ్బాల్లోకి తోడుతోంది.

ఫలక్‌నుమాలోని ఆ ఇంటిని ఓనరు అమ్మేశాడు. ఛత్రినాకలో వేరే ఇల్లు దొరికింది. మంచాలు, బీరువాలతో ఆమె భర్త క్రాంతి పొద్దున్నే వ్యాన్‌లో వెళ్లిపోయాడు. ఈ నాలుగడుగుల అద్దాల తొట్టి జోలికి మాత్రం సామాన్లు మోసేవాళ్లెవరూ రాలేదు. అందుకే బార్కస్ నుంచి ఆవద్‌ను పిలిచింది.

ఆవద్ ఫ్రిజ్‌లూ ఏసీలూ బాగుచేస్తాడు. అక్వేరియం నీళ్లను చల్లగా ఉంచే యంత్రం చెడిపోయినప్పుడు మొదటిసారి ఆమె ఇంటికి వచ్చాడు. పని అయిపోయినా తొట్టి ముందు నుంచి లేవలేకపోయాడు. ఆ తర్వాత తన ఇంట్లోనూ ఒక చిన్న తొట్టి పెట్టుకున్నాడు.

“మేడం, గీ ఇసుక మాత్రం తీస్కపోవద్దు,” అన్నాడు, అద్దం అడుగున నల్లగా కనిపిస్తున్న చారను వేలితో చూపిస్తూ. “ఇన్నేండ్ల గలీజంత కిందనే కూసుంది. కదిలిస్తే నీళ్లు విషమైతయ్. పారేసి కొత్తది పోద్దాం.”

“సరే ఆవద్ భాయ్.”

అతను టబ్బులను ట్రాలీ ఆటోలో వేయించుకుని వెళ్లాడు. ఖాళీ గదిలో, ఖాళీ తొట్టి ముందు బిందుమాధవి ఒక్కతే మిగిలింది. ఇసుకలో గోరంత నత్తలు పాకుతున్నాయి. దారప్పోగులాంటి పురుగొకటి తడి వెతుక్కుంటూ లోపలికి దూరింది. ఇవన్నీ ఎవరూ కొనిపెట్టినవి కావు, ఆరేళ్లలో వాటంతటవే పుట్టినవి. మున్సిపాలిటీ చెత్తబండి వాడు కింద గంట కొడుతున్నాడు. పారేయడానికి ఆమెకు చేతులు రాలేదు. పై ఇసుకను చేటతో గీకి రెండు బకెట్లు నింపింది. బాత్‌రూములో కుళాయి కింద పెట్టి కడిగింది. ఎన్నిసార్లు వంచినా నీళ్లు బియ్యం కడుగులా తెల్లగానే వచ్చాయి. ఇక చాల్లే అనుకుని మూటకట్టి వంటసామాన్ల సంచిలో పెట్టింది.

రెండో ట్రిప్పులో తొట్టీ కొత్త ఇంటికి చేరింది. ఆవద్ కింద ఆటోవాడితో మాట్లాడుతుండగా, ఆ మూట తొట్టిలో విప్పి పరిచింది. దాని మీద కొత్త ఇసుక పోసింది. పైకి తెల్లగా, చదునుగా, కొత్తగానే కనిపించింది.

“మంచిగ పర్సిండ్రు,” అన్నాడు ఆవద్ పైకి వచ్చి.

రాళ్లు పేర్చి, నీళ్లు నింపి, మోటారు వేసేసరికి సాయంత్రమైంది. నారింజరంగు మీద తెల్ల పట్టీలుండే క్లౌన్ చేపల జత మాత్రం ఇంకా బకెట్‌లోనే ఉంది. పెద్దది ఆడది, చిన్నది మగది. బకెట్‌లో గాలి పంపు బుడగలు వదులుతోంది.

“ఈ పూట గీ రెండిటిని బకెట్లనే ఉండనీయండి. పొద్దుగాల నేనొచ్చి నీళ్లు చెక్ చేసినంక ఇడుద్దాం. తొందరపడొద్దు.”

అతను వెళ్లాక ఆమె గిన్నెలు సర్దుకుంటూ మాటిమాటికీ బకెట్ దగ్గరికి వచ్చి చూసింది. చిన్న చేప ప్లాస్టిక్ గోడకు మూతి ఆనించి అక్కడక్కడే తిరుగుతోంది. తొట్టిలో నీళ్లు అద్దంలా ఉన్నాయి. తన రాళ్లే, తన నీళ్లే. ఇందులో తెలియనిదేముంది అనిపించింది. గ్లాసుతో రెండింటినీ తొట్టిలోకి వదిలింది. అవి సూటిగా వెళ్లి తమ పాత రాయి కింద దూరాయి. ఆమె హాయిగా పడుకుంది.

తెల్లారి చూసేసరికి చిన్నది నీటి పైభాగాన నోరు తెరుచుకుని కొట్టుకుంటోంది. మొప్పలు ఎర్రగా ఉబ్బి ఉన్నాయి. ఆమె గాభరాగా రెండింటినీ మళ్లీ బకెట్‌లోకి మార్చింది. నేల మీద ఒలికిన నీళ్లు తుడిచింది. ఆవద్ వచ్చేసరికి అంతా నిన్న అతను చెప్పినట్టే ఉంది.

అతను సంచిలోంచి పరీక్ష కిట్ తీశాడు. గాజుగొట్టంలో తొట్టి నీళ్లు పట్టి, మందు చుక్కలు వేసి, ఊపి, కిటికీ వెలుతురులో పట్టుకున్నాడు. నీళ్లు బాగుంటే పసుపురంగే నిలవాలి. చూస్తుండగానే ఆకుపచ్చకు తిరిగి, ఆకుపచ్చ ఇంకా చిక్కబడింది.

“అమ్మోనియా. గింతగనమా?” అన్నాడు. మళ్లీ పరీక్ష చేశాడు. మళ్లీ అదే రంగు. “జరంత వస్తదనుకున్న. గింత రావద్దు మేడం. రాళ్లు ఎండిపోలే. నీళ్లు గవే. ఇసుక మొత్తం కొత్తదే గదా?”

“కొత్తదే,” అంది బిందుమాధవి.

అన్న మాట తనకే వినపడింది. వెంటనే సరిదిద్దుకోవచ్చు. కానీ వంటగది గుమ్మంలో క్రాంతి నిలబడి ఉన్నాడు. ఈ తొట్టి కోసం అతను ఇప్పటికే చాలా విసుక్కున్నాడు.

“అయితే గీ పగడాలను, చేపలను నేను తీస్కపోత. ఈ నీళ్లల్ల ఉంటే బతకవు. అమ్మోనియా సున్నాకొచ్చినంక మళ్ల తెచ్చిస్త. రోజు కొంచెం నీళ్లు మార్చుండ్రి, పొద్దుమాపు చెక్ చేయుండ్రి. ఫికర్ చేయకుండ్రి.”

“నేనూ వస్తాను మీతో.”

“ఎందుకు మేడం, మీకు ఆఫీసుంది గదా.”

చిన్న చేపను సంచిలోకి దించుతూ అతను కాసేపు ఆగి దాన్నే చూశాడు.

* * *

కరెంటు ఆఫీసు నుంచి రాగానే చెప్పులు కూడా విప్పకుండా ఆమె తొట్టి దగ్గరికి వెళ్లేది. నీళ్లు తోడి, ఉప్పు కలిపిన కొత్త నీళ్లు పోసి, గొట్టం వెలుతురులో పట్టి చూసేది. ఆకుపచ్చ తగ్గినట్టే తగ్గి మర్నాటికి మళ్లీ చిక్కబడేది. పగడాలు ఊడదీసిన ఖాళీ రాళ్లు లైటు కింద గోడ కూలిన ఇంటిలా ఉన్నాయి.

“ఎక్కడో బార్కస్‌లో ఉన్నాయి నీ చేపలు,” అన్నాడు క్రాంతి భోజనం దగ్గర. “వాళ్ల ఇల్లయినా తెలుసా నీకు?”

“తెలుసు. ఒకసారి బయటినుంచి చూశాను.”

“బయటినుంచి. బిందూ, ఆ ఊదారంగు పగడం లాంటిదే ఎవరో ఆన్‌లైన్‌లో అమ్మకానికి పెట్టారు చూడు. పాతబస్తీ అని కూడా ఉంది.”

అతను ఫోను చాపాడు. ఆమె బొమ్మను పెద్దది చేసి చూసింది. కొమ్మల చివర్లు తనదానిలాగే ఉన్నాయి. అలాంటివి ఊళ్లో ఇంకెన్నో ఉంటాయి. ఆ మాటే అంది. కానీ ఆ రాత్రి అన్నం సయించలేదు.

మర్నాడు ఆవద్‌కు ఫోన్ చేసింది. వెనక వాన చప్పుడు, ఏదో ఇనుము మీద దెబ్బలు వినిపించాయి.

“ఒక ఫోటో పంపుతారా? చూడాలనిపిస్తోంది.”

“రేపు పంపుత మేడం. ఇయ్యాల జర లైటు ఖరాబైంది.”

ఆ మర్నాడు కూడా పంపలేదు. మళ్లీ అడిగితే ఒక్క ఫోటో వచ్చింది. ఊదా పగడం ఒక్కటే, బాగా దగ్గరగా తీసింది. చేపలు లేవు. ఆమె ఫోటోను అటూ ఇటూ జరిపి చూసింది. మూలన తెల్లటి ప్లాస్టిక్ అంచు కనిపించింది. అతని తొట్టికి ఉన్నవి అద్దాలు. మరి ఇది ఎక్కడ తీసిన ఫోటో?

అప్పటిదాకా పట్టించుకోనివన్నీ ఒక్కొక్కటిగా గుర్తొచ్చాయి. ఈ పగడం ఎక్కడ కొన్నారని అతను ఒకసారి అడిగాడు. ఈ జత మస్తు ముద్దుగ ఉంటది మేడం అని ఎన్నోసార్లు అన్నాడు. ఆ రోజు తనను వెంట రానివ్వలేదు. ఇన్నాళ్లూ ఇష్టమనుకున్నదంతా ఇప్పుడు ఆశలా కనిపించింది. మొన్న కూడా అతను రెండు డబ్బాల ఉప్పునీళ్లు తెచ్చి గుమ్మంలో పెట్టి, చేపలు బాగున్నాయా అని అడిగితే, “ఉన్నయ్, ఉన్నయ్” అంటూ మెట్లు దిగిపోయాడు. మునుపైతే తొట్టి ముందు కూర్చోకుండా వెళ్లేవాడే కాదు.

“ఇచ్చేటప్పుడు నువ్వే ఇచ్చావు. అడగడానికి కూడా నోరు రావట్లేదు నీకు,” అన్నాడు క్రాంతి.

ఒక ఉదయం గొట్టంలో పసుపు నిలిచింది. ఆమె నమ్మక మళ్లీ చేసింది. పసుపే. ఆ రోజంతా, ఆ మర్నాడూ పసుపే. ఆవద్‌కు చెప్పింది.

అతను థర్మాకోల్ పెట్టెతో వచ్చాడు. పగడాలన్నీ ఉన్నాయి. ఊదాది కూడా, కొమ్మ విరగకుండా ఉంది. ఆమె లెక్కపెడుతోందని అతనికి తెలిసింది. లెక్క అయ్యేదాకా తల దించుకుని, చేతులు వెనక పెట్టుకుని నిలబడ్డాడు. చేపల సంచి కూడా తాను ముట్టుకోలేదు. “మీరే ఇడువుండ్రి మేడం,” అన్నాడు. టీ తాగమంటే పని ఉందని వెళ్లిపోయాడు.

సంచిలోంచి పెద్దది ముందు బయటికి వచ్చింది. చిన్నది వెనకే వచ్చి మోటారు దగ్గర ఆగింది. బిందుమాధవి అద్దానికి ముఖం ఆనించింది. తన చిన్న చేపకు నడుం మీది తెల్ల పట్టీ మధ్యలో తెగి ఉంటుంది. దీని పట్టీ ఎక్కడా తెగకుండా నిండుగా ఉంది.

ఫోనులో పాత ఫోటోలు తీసి పక్కన పెట్టి చూసింది. సందేహం లేదు. ఇది తనది కాదు.

“నేను చెప్పలేదూ?” అన్నాడు క్రాంతి. గెలిచినట్టు అనలేదు, నిజంగానే బాధపడుతూ అన్నాడు. “మనదాన్ని ఉంచుకుని ఏదో ఒకటి అంటగట్టాడు.”

ఆమె ఫోన్ చేసింది. “ఆవద్ భాయ్, ఈ చిన్నది మాదేనా?”

అవతల ఇనుము మీద దెబ్బలు ఆగాయి.

“మీదే మేడం. నీళ్లు మారితే జర రంగు గిట్ల మారుతది.”

పట్టీ అతుక్కోదని అతనికి తెలుసు. తెలుసని ఆమెకూ తెలుసు. చేప మారినందుకన్నా, ఇంత తేలికగా తనను వెర్రిదాన్ని చేసినందుకు ఆమె ఒళ్లు మండింది.

* * *

ఆదివారం చెప్పకుండా బయల్దేరింది. క్రాంతి వస్తానన్నా వద్దంది. ఫోనులో పాత ఫోటోలు సిద్ధంగా పెట్టుకుంది. ఆటోలో కూర్చుని అనాల్సిన మాటలు లోలోపల కూడబలుక్కుంది. గొడవ చేయకూడదు, నా చేప నాకు ఇచ్చేయండి అనాలి, అంతే.

బార్కస్‌లో ఆవద్ ఇంటి ముందు నీలం పట్టా కట్టి ఉంది. దాని కింద విప్పిన ఫ్రిజ్ ఒకటి, కంప్రెసర్లు రెండు, గ్యాస్ సిలిండరు ఉన్నాయి. పట్టా చిల్లుల్లోంచి వాననీళ్లు కారుతున్నాయి. మునుపు ఆమె బయటినుంచి చూసినప్పుడు, తెరిచిన తలుపులోంచి ఈ సామానంతా ముందుగదిలోనే కనిపించింది.

తలుపు తీసింది ఆవద్ భార్య నౌషీన్. “ఆయ్యే బాజీ, లోపటికి రండి. ఆయన పాలకు పోయిండు, అభీ ఆతే, ఇప్పుడే వస్తడు,” అంది. బిందుమాధవి తానెవరో చెప్పకుండానే గుర్తుపట్టింది.

ముందుగదిలో బల్ల మీద ఆవద్ తొట్టి ఉంది. నీళ్లు లేవు. అద్దాల మీద ఉప్పు తెల్లగా చారలు కట్టింది. రాళ్లు తోమి, గోడవారగా పాత పేపర్ల మీద ఆరబెట్టి ఉన్నాయి, మరక కూడా మిగలకుండా ఇటుకముక్కల్లా. పక్కన తెల్లటి ప్లాస్టిక్ టబ్బు, దాని మీద లైటు, అందులో గాలి పంపు. టబ్బులో ఒక్కటే చేప, పెద్దది. మూల నుంచి మూలకు తిరుగుతోంది.

“ఇదేంటి, తొట్టి ఎందుకు ఖాళీ చేశారు?”

నౌషీన్ కొంగు సర్దుకుని తటపటాయించింది. “ఆయన చెప్పలే మీకు? నాకు తెల్సు, చెప్పడు. మీ చిన్న చేప ఈడికొచ్చిన తెల్లారే పోయింది బాజీ. ఆయన దాన్ని చేతిల పట్టుకొని గీడనే కూసున్నడు. నీళ్లు ఖరాబ్ కాలే, మిగతా చేపలు మంచిగనే ఉన్నయ్, మరి నా చేతులకే ఏదో ఉందన్నడు. కంప్రెసర్ నూనె, వెల్డింగ్ మందు చేతులకుంటది గదా, గది నీళ్లల్ల కలిసిందన్నడు. మీ పగడాలు పాడైతయని తీసి అలగ్ టబ్‌ల పెట్టిండు. మా తొట్టి నీళ్లు మొత్తం గుంజి, తోమి, గిట్ల చేసిండు. పని సామాను బయట పెట్టిండు. వానకు గిరాకీ సామాను తడుస్తుంది, లొల్లి అయితుంది. చెప్తే ఇంటడా?”

“మరి నాకు ఇచ్చినది?”

“మాది. దీని జోడి.” టబ్బు వైపు గడ్డం చూపించింది. “మీ ఆడది ఒక్కతే అయితదని.”

బిందుమాధవి టబ్బు పక్కన కూర్చుండిపోయింది. కూడబలుక్కున్న మాటలు ఒక్కటీ మిగల్లేదు. ఆ చేప ఎర్రగా ఉబ్బిన మొప్పలతో తన తొట్టిలో నోరు తెరిచి కొట్టుకున్న తెల్లవారుజాము మాత్రం కళ్లముందు నిలిచింది. అప్పటికి ఆవద్ ఇంకా రాలేదు. అతని చేయి ఇంకా దాన్ని తాకలేదు.

ఆవద్ పాలప్యాకెట్లతో లోపలికి వచ్చి ఆమెను చూసి గుమ్మంలోనే ఆగాడు. భార్య ముఖం చూశాడు. అంతా అర్థమైంది.

“అబద్ధం చెప్పిన మేడం,” అన్నాడు మెల్లగా. “మీ చేప నా దగ్గర సచ్చిపోయింది. చెప్తే ఇంక మల్ల మీరు నన్ను ఆ తొట్టి దగ్గరికి రానియ్యరనుకున్న. ఇన్నేండ్లు పెంచుకున్నరు. ఇగో, గీ చేతులే.” అరచేతులు చాపాడు. గీతల్లో నల్లటి మరకలు. గోళ్ల చుట్టూ చర్మం సబ్బుతో, రాయితో తోమీ తోమీ లేచిపోయి ఉంది. “ఎంత కడిగినా పోదు.”

ఏమీ అనకుండా వెళ్లిపోవచ్చు. పర్వాలేదు ఆవద్ భాయ్, జరిగిందేదో జరిగింది అంటే చాలు, అతను జీవితాంతం రుణపడి ఉంటాడు. క్రాంతికీ తెలియదు. ఇసుక తెల్లగానే ఉంది. ఆ మాట నోటిదాకా వచ్చింది కూడా. కానీ అతను ఇంకా చేతులు చాపే ఉన్నాడు.

“మీ చేతులు కాదు,” అంది. “నేను పాత ఇసుక పారేయలేదు. కడిగి కింద వేసి, పైన కొత్తది పోశాను. మీరు అడిగితే కొత్తదేనన్నాను. ఆ రాత్రి చేపల్ని కూడా బకెట్‌లో ఉంచలేదు, తొట్టిలో వదిలేశాను. పొద్దున్నే చిన్నది కొట్టుకుంటోంది. మీరు వచ్చేలోపు తీసి బకెట్‌లో పెట్టాను.”

నౌషీన్‌కు అన్ని మాటలూ అర్థం కాలేదు. భర్త ముఖం చూస్తూ నిలబడింది.

ఆవద్ చేతులు దించాడు. పాలప్యాకెట్లు బల్ల మీద పెట్టాడు. “రాత్రంత గా నీళ్లల్లనే ఉన్నదా?”

“ఉంది.”

“మొప్పలు ఎర్రగ ఉండె. నేను చూసిన. బకెట్ల ఉంటే ఎట్లయిందబ్బా అనుకున్న.” కొంచెం ఆగి అన్నాడు, “నేను అడిగిన గదా మేడం, ఇసుక కొత్తదేనా అని.”

“అడిగారు.”

అతను తోమిన రాళ్ల వైపు చూశాడు. వాటిలో నీళ్లను శుభ్రం చేసే సూక్ష్మజీవులు చేరడానికి ఎన్నో నెలలు పట్టింది. మళ్లీ అన్ని నెలలూ పడుతుంది. ఒక రాయిని తీసి, తిప్పి చూసి, పేపరు మీద పెట్టేశాడు. గట్టిగా అరిస్తే బాగుండుననుకుంది బిందుమాధవి. అతను అరవలేదు. నౌషీన్ చాయ్ పెట్టడానికి లేవబోతే, “అభీ నక్కో,” అని ఆపాడు.

“మీ చేపను తెచ్చిచ్చేస్తాను,” అందామె. “దీని జతను.”

“వద్దు. ఇంక దాన్ని తిప్పకుండ్రి. ఇప్పటికే రెండు నీళ్లు చూసింది.” గోడకు తగిలించిన సంచి తీసుకుని, అందులో కిట్ ఉందో లేదో చూసుకున్నాడు. “పదండి.”

“ఎక్కడికి?”

“మీ ఇంటికి. నీళ్లు చూడాలె.”

“నిన్న కూడా సున్నానే వచ్చింది ఆవద్ భాయ్.”

అతను చెప్పులు వేసుకుంటున్నాడు.

తలుపు తీసిన క్రాంతి ఆవద్‌ను చూసి ముఖం గంటు పెట్టుకున్నాడు. అతను నోరు తెరవకముందే బిందుమాధవి అంది, “మన చేప మన ఇంట్లోనే దెబ్బతింది. నేను పాత ఇసుక వేశాను. ఇది వాళ్ల చేప.” క్రాంతి ఇద్దరినీ మార్చి మార్చి చూసి పక్కకు జరిగాడు.

ఆవద్ గొట్టంలో నీళ్లు పట్టాడు. చుక్కలు తానే వేసుకుని, కిటికీ దగ్గరికి పోయి నిలబడ్డాడు. వెలుతురు చాలదన్నట్టు బయట బాల్కనీలోకి పోయి చూశాడు. పసుపే నిలిచింది. అయినా ఒక సన్న పైపు తీసుకుని తొట్టి మూలన ఇసుకలో లోతుగా గుచ్చాడు. పైపులో ముందు తెల్లటి ఇసుక, ఆ వెనకే బూడిదరంగు, ఆ తర్వాత నల్లటి నీళ్లు వచ్చాయి. బకెట్‌లోంచి కుళ్లిన గుడ్ల వాసన గది అంతా వ్యాపించింది. క్రాంతి ముక్కు మూసుకుని కిటికీ తెరిచాడు.

ఒక మూల తీసి ఆవద్ పైపు మడిచి పట్టుకున్నాడు. “ఒక్కసారే తీస్తే మల్ల గదే అయితది. వారం వారం ఇంతింత తియ్యాలె.”

“నేను తీస్తాను. తీసి మీకు ఎంత వచ్చిందో ఫోన్‌లో చెప్తాను,” అంది బిందుమాధవి.

ఆవద్ కిట్ డబ్బా మూత పెట్టి సంచిలో వేసుకున్నాడు. తొట్టిలో రెండు చేపలూ రాయి కింద ఒకదానికొకటి ఆనుకుని ఉన్నాయి. నిండు పట్టీ ఉన్నదాన్ని అతను కాసేపు చూశాడు. తర్వాత బకెట్ పట్టుకుని గుమ్మం దాకా వెళ్లి ఆగాడు.

“ఫోన్ల చెప్పుడు వద్దు మేడం,” అన్నాడు, వెనక్కి తిరక్కుండా. “నేనే వస్త. చూసుకుంట.”

“రండి,” అందామె.

నల్లనీళ్లు ఒలకకుండా అతను మెట్లు ఒక్కొక్కటే చూసుకుంటూ దిగాడు.